సర్వే ఫైల్లో ప్రతి కాలమ్‌కీ సగటు వచ్చేసింది: ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

కొత్త_పట్టిక:

నమస్కారం అండి. ఒక క్లినిక్ ఓపీ సర్వే ఫైలు చేతికొచ్చింది. మొత్తం 200 వరసలు. కాలమ్స్ ఇవి: ఐడీ నంబరు, లింగం (1 లేదా 2), చదువు (1 నుంచి 5), వయసు, పిల్లల సంఖ్య, శరీర ఉష్ణోగ్రత సెల్సియస్‌లో, వచ్చిన టైము, డాక్టర్ని కలిసేదాకా వేచి ఉన్న నిమిషాలు, సంతృప్తి (1 నుంచి 5).

సాఫ్ట్‌వేర్‌లో సారాంశం అడిగితే ఐడీతో సహా అన్నిటికీ సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) ఇచ్చేసింది. లింగం సగటు 1.43 అంది. వయసు సగటు 54.4, మీడియన్ (చిన్న నుంచి పెద్దకి పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ) 39, స్టాండర్డ్ డీవియేషన్ 117.8. వేచి ఉన్న నిమిషాల్లోనేమో సగటు కన్నా స్టాండర్డ్ డీవియేషనే ఎక్కువ. మచ్చుకి మొదటి 12 మందివి చిన్న నుంచి పెద్దకి పేర్చి ఇస్తున్నాను:

4, 6, 7, 9, 10, 12, 13, 15, 18, 22, 31, 93

రిపోర్టులో ఏ కాలమ్‌కి ఏ సంఖ్య రాయాలి? స్టాండర్డ్ డీవియేషన్ సగటుని దాటిందంటే లెక్క తప్పినట్టేనా?

సోపానం:

సాఫ్ట్‌వేర్‌కి కనపడేది అంకె ఒక్కటే. ఆ అంకె దేన్ని సూచిస్తోందో మనమే చెప్పాలి. ప్రతి కాలమ్ దగ్గరా ఆగి ఒక పరీక్ష పెట్టండి: ఈ అంకెల్ని ఎంతవరకు మార్చినా లోపలి సమాచారం చెక్కుచెదరకుండా ఉంటుంది?

లింగం కాలమ్‌లో 1, 2 తీసేసి 7, 30 వేసినా ఏమీ పోదు. అవి అంకెల వేషంలో ఉన్న పేర్లు. ఇది నామినల్. చదువులో 1, 2, 3, 4, 5 బదులు 1, 4, 9, 20, 50 వేసుకోవచ్చు, వరస తారుమారు కానంతవరకు పరవాలేదు. ఇది ఆర్డినల్. ఉష్ణోగ్రతని సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కి మార్చవచ్చు, అంటే గుణించి ఒక స్థిర సంఖ్య కలపవచ్చు, అంతకు మించి కుదరదు. ఇది ఇంటర్వల్. నిమిషాలనైతే సెకన్లు చెయ్యాలంటే 60తో గుణించడమే, ఏమీ కలపకూడదు, ఎందుకంటే అక్కడ సున్నా అంటే నిజంగా సున్నాయే. ఇది రేషియో. ఈ నాలుగు తరగతుల విభజన 1946లో ఎస్.ఎస్. స్టీవెన్స్ చేసింది. దీని మీద వాదాలు చాలా నడిచాయి గానీ, మొదటిసారి ఫైలు తెరిచినప్పుడు ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష నాకు కనపడలేదు.

ఈ పరీక్ష వల్ల లాభం ఏమిటంటే, ఏ లెక్క చెల్లుతుందో దాని నుంచే తేలిపోతుంది. చదువు కోడ్‌ని 1, 4, 9, 20, 50గా మారిస్తే సగటు మొత్తం మారిపోతుంది, కానీ మధ్యలో ఉన్న మనిషి చదువు అదే. కాబట్టి అక్కడ మీడియన్ చెల్లుతుంది, సగటు చెల్లదు. ఉష్ణోగ్రతకి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ రెండూ చెల్లుతాయి, కానీ "రెట్టింపు" అనకూడదు. 20 డిగ్రీల సెల్సియస్ 10 డిగ్రీలకి రెట్టింపు వేడి కాదు. నిజమైన సున్నా ఉన్న కెల్విన్‌లోకి మారిస్తే అవి 293.15, 283.15, తేడా మూడున్నర శాతమే. స్టాండర్డ్ డీవియేషన్‌ని సగటుతో భాగించి ఇచ్చే శాతం కూడా ఇందుకే సెల్సియస్ మీద పనికిరాదు. అదే డేటాని ఫారెన్‌హీట్‌లోకి మార్చి చూడండి, ఆ శాతం వేరేగా వస్తుంది.

మీ కాలమ్స్ సంగతి:

ఐడీ వట్టి గుర్తు. దానికి ఏ సారాంశమూ వద్దు, ఒకే ఐడీ రెండుసార్లు వచ్చిందేమో మాత్రం చూడండి. ఫైలు తెరిచేటప్పుడే ఈ కాలమ్‌ని టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోవాలి. లేకపోతే 0042 కాస్తా 42 అయిపోతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా పట్టుకుంటుంది కాబట్టి, అంతకన్నా పొడవైన ఐడీల్లో చివరి అంకెలు సున్నాలైపోతాయి. ఒకసారి సేవ్ చేశాక అవి తిరిగి రావు.

లింగానికి ఎంతమంది, ఎంత శాతం అన్నది రాయండి. మీ 1.43లో ఒక నిజం దాగి ఉంది: 200 మందిలో 86 మంది, అంటే 43 శాతం, 2 అన్నమాట. అదే కోడ్‌ని 0, 1గా పెట్టుకుంటే సగటే నేరుగా 0.43 అని నిష్పత్తి ఇస్తుంది. రెండు విలువల కాలమ్స్‌కి 0, 1 కోడింగ్ అలవాటు చేసుకోవడం మంచిది.

పిల్లల సంఖ్య లెక్కపెట్టి రాసేది, 1.8 మంది పిల్లలు ఎవరికీ ఉండరు, అయినా సగటు చెల్లుతుంది. ఉన్న విలువలే కొన్ని కాబట్టి 0, 1, 2, 3, 4 ఆపైన అని ఎంతమందో పట్టిక వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ పట్టికలో "3-4" లాంటి గడి రాస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది, ముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టండి.

వచ్చిన టైము జాగ్రత్త. రాత్రి 11:30కి ఒకరు, 12:30కి ఒకరు వస్తే మామూలు సగటు మధ్యాహ్నం 12 అని చెబుతుంది. గడియారం గుండ్రంగా తిరిగేది, సగటు సరళరేఖ మీద లెక్క. క్లినిక్ పగలే నడిచేదైతే ఈ చిక్కు రాదు. ఎలా ఉన్నా గంటగంటకీ ఎంతమంది వచ్చారో చూపించడమే మేలు.

మధ్యరేఖ:

సోపానం గారు రకాలు చెప్పారు కాబట్టి నేను వయసు, నిమిషాలు అందుకుంటాను.

వయసు కాలమ్‌లో గరిష్ఠ విలువ చూడండి. అది 999 అయ్యుంటుందని గట్టిగా అనిపిస్తోంది. జవాబు రాని చోట 99, 999, -1 లాంటివి నింపడం సర్వేల్లో మామూలే. లెక్క సరిపోతుందేమో చూద్దాం: సగటు 54.4 అంటే మొత్తం 10,880. అందులో మూడు 999లు ఉన్నాయనుకుంటే 2,997 తీసెయ్యాలి, మిగిలింది 7,883. దాన్ని 197 మందికి పంచితే 40. మీడియన్ 39 పక్కన ఇది చక్కగా కూర్చుంటోంది. 200లో మూడు విలువలు సగటుని 14 ఏళ్లు పైకి లాగాయి, మీడియన్‌ని మాత్రం దాదాపు కదల్చలేకపోయాయి. సగటు, మీడియన్ ఇంత దూరంగా కనపడితే మొదట అనుమానించాల్సింది కోడ్‌ని, మనుషుల్ని కాదు.

సరిచేసేటప్పుడు 999 బదులు గడిని ఖాళీగా వదలాలి. సున్నా పెట్టకండి. ఎక్సెల్‌లో యావరేజ్ ఫంక్షన్ ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాని మాత్రం లెక్కలో కలుపుతుంది. ఇంకో సంగతి: అది టెక్స్ట్‌గా ఉన్న అంకెల్ని కూడా చప్పుడు చెయ్యకుండా వదిలేస్తుంది. గడిలో ఎడమ పక్కకి అతుక్కుని ఉన్న అంకె కనిపిస్తే అది టెక్స్ట్ కావచ్చు. కౌంట్ ఫంక్షన్ అంకెల గడుల్నే లెక్కపెడుతుంది, కౌంట్-ఏ ఖాళీ కానివన్నీ లెక్కపెడుతుంది. శీర్షిక గడిని వదిలి రెండూ నడపండి. తేడా వచ్చిందా, అన్ని గడులు మీ సగటులోకి రాలేదన్నమాట. సగటు రాసే ముందు ఎంతమంది మీద తీశామో ఆ సంఖ్య తెలిసి ఉండాలి, పట్టికలో ప్రతి వరసకీ అది విడిగా ఉండాలి.

ఇప్పుడు నిమిషాలు. లెక్క తప్పలేదు. మీ 12 సంఖ్యల మొత్తం 240, సగటు 20. పేర్చిన వరసలో ఆరోది 12, ఏడోది 13 కాబట్టి మీడియన్ 12.5. ఒక్కో సంఖ్య 20కి ఎంత దూరమో తీసి వర్గం చేస్తే:

256, 196, 169, 121, 100, 64, 49, 25, 4, 4, 121, 5329

కూడితే 6438. దీన్ని 11తో భాగిస్తే 585.3, వర్గమూలం 24.2. ఇప్పుడు ఆ చివరి 5329ని చూడండి. మొత్తం 6438లో దాని వాటా 83 శాతం. మిగతా పదకొండు మంది కలిసి 17 శాతం. అంటే మీరు "పన్నెండు మంది మధ్య తేడా" అని రాయబోయే సంఖ్య నిజానికి ఒక్క మనిషి గురించి చెబుతోంది. దూరాన్ని వర్గం చెయ్యడంలో ఉన్న గుణమే అది, దూరంగా ఉన్నవాడి గొంతు పెద్దదైపోతుంది.

ఎందుకు 12తో కాక 11తో భాగించానంటారా? సగటు కూడా ఈ 12 సంఖ్యల నుంచే వచ్చింది. సగటు నుంచి దూరాలన్నీ కూడితే ఎప్పుడూ సున్నాయే, అందుకని పదకొండు తెలిస్తే పన్నెండోది దానంతటదే తేలిపోతుంది. పైగా నమూనా సగటు తన సంఖ్యలకి మరీ దగ్గరగా ఉంటుంది, 12తో భాగిస్తే అసలు విస్తృతి కన్నా తక్కువ చూపిస్తుంది. మీ దగ్గరున్నది పెద్ద జనాభాలోంచి తీసిన నమూనా అయితే ఎక్సెల్‌లో పేరు చివర ఎస్ ఉన్న ఫంక్షన్ వాడండి, జనాభా మొత్తం చేతిలో ఉంటే పీ ఉన్నది. ఇక్కడ పీ అయితే 23.2 వస్తుంది. 200 మంది మీద ఈ తేడా కంటికి ఆనదు, 12 మంది మీద ఆనుతుంది.

స్టాండర్డ్ డీవియేషన్ సగటుని దాటడం తప్పు కాదు, ఒక సంకేతం. నిమిషాలు సున్నాకి కిందకి పోలేవు. సగటులోంచి ఒక స్టాండర్డ్ డీవియేషన్ తీస్తే మైనస్ 4.2 నిమిషాలు, అలాంటి నిరీక్షణ లేదు. సున్నా దగ్గర గోడ ఉన్న కొలతల్లో ఇలా కనపడితే డేటా కుడివైపుకి సాగి ఉందని అర్థం. అలాంటి చోట "20 ± 24" అని రాస్తే చదివేవారికి గంట ఆకారంలో ఉన్న డేటా మనసులో మెదులుతుంది, ఫైల్లో అలాంటిదేమీ లేదు. మీడియన్, మొదటి, మూడో చతుర్థాంశాలు (పేర్చిన సంఖ్యల్ని నాలుగు సమాన భాగాలు చేసే గీతల్లో మొదటిది, మూడోది) రాయండి.

93ని మాత్రం చూడగానే కొట్టెయ్యకండి. అది తీసేస్తే సగటు 13.4కి, స్టాండర్డ్ డీవియేషన్ 7.9కి పడిపోతాయి, పట్టిక ముచ్చటగా కనిపిస్తుంది, అందుకే తీసెయ్యాలన్న కోరిక ప్రమాదకరం. అసలు కాగితంలో 9.3 ఉందా? 39ని తిరగేసి కొట్టారా? అయితే సరిచెయ్యండి. నిజంగానే ఒకరు గంటన్నర కూర్చున్నారంటే ఆ క్లినిక్ తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంఖ్య అదే.

కొత్త_పట్టిక:

చాలా థ్యాంక్స్ అండి. వయసులో నిజంగానే మూడు 999లు ఉన్నాయి! 93 కాగితంలో కూడా 93గానే ఉంది.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఆ 12 సంఖ్యలకి చేత్తో చేస్తే చతుర్థాంశాలు 8, 20 వచ్చాయి. ఎక్సెల్‌లో 8.5, 19 వచ్చాయి. ఇంకో ఫంక్షన్ వాడితే 7.5, 21. ఏది కరెక్టు? రెండు, సంతృప్తికి ఒకే ఒక్క నంబరు ఇమ్మంటున్నారు. సగటు 3.0 వచ్చింది, రాసెయ్యనా?

నాలుగోభాగం:

మూడూ కరెక్టే. పన్నెండు సంఖ్యల్ని నాలుగు భాగాలు చేసే గీత రెండు సంఖ్యల మధ్య పడుతుంది, ఆ మధ్యలో ఎక్కడ గీయాలన్న దానికి ఒప్పందాలు వేరువేరు.

మీరు చేత్తో చేసింది: కింది ఆరు, పై ఆరు విడదీసి ఒక్కో సగానికి మీడియన్. కింద 7, 9 మధ్య 8, పైన 18, 22 మధ్య 20.

ఎక్సెల్‌లో పేరు చివర ఇంక్ (INC) అని ఉన్న ఫంక్షన్ స్థానాన్ని ఇలా లెక్కిస్తుంది: సంఖ్యల లెక్కలోంచి ఒకటి తీసి, 0.25తో గుణించి, ఒకటి కలపడం. 11 × 0.25 + 1 = 3.75. అంటే మూడో సంఖ్య 7 నుంచి నాలుగో సంఖ్య 9 వైపు ముప్పావు దూరం: 8.5. మూడో చతుర్థాంశానికి స్థానం 9.25, అంటే 18 నుంచి 22 వైపు పావు దూరం: 19.

ఎక్స్‌క్ (EXC) అని ఉన్నది సంఖ్యల లెక్కకి ఒకటి కలిపి 0.25తో గుణిస్తుంది. 13 × 0.25 = 3.25, అక్కడ 7.5. పైన 9.75, అక్కడ 21.

ఆర్ భాషలో క్వాంటైల్ ఫంక్షన్‌కి ఏకంగా తొమ్మిది పద్ధతులు ఉన్నాయి, ఏదీ చెప్పకపోతే ఏడోది వాడుతుంది. అది ఎక్సెల్ ఇంక్‌తో సరిపోతుంది. ఒక పద్ధతి పట్టుకుని రిపోర్టు మొత్తం అదే వాడండి, ఏ సాఫ్ట్‌వేర్, ఏ ఫంక్షన్ అన్నది పట్టిక కింద ఒక ముక్క రాయండి. 200 మంది మీద ఈ తేడాలు మామూలుగా చాలా చిన్నవైపోతాయి.

బాక్స్ ప్లాట్ (చతుర్థాంశాల మధ్య ఒక పెట్టె, దానికి రెండు వైపులా గీతలు, దూరంగా పడినవి చుక్కలుగా చూపే బొమ్మ) వేసేటప్పుడు కూడా దీని ప్రభావం ఉంటుంది. జాన్ ట్యూకీ పెట్టిన నియమం ప్రకారం, చతుర్థాంశాల మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లు మూడో చతుర్థాంశానికి కలిపితే పై కంచె, మొదటి దాంట్లోంచి తీస్తే కింది కంచె. మీ చేతిలెక్కతో 20 − 8 = 12, దానికి ఒకటిన్నర రెట్లు 18, పై కంచె 38. ఇంక్‌తో 34.75, ఎక్స్‌క్‌తో 41.25. మూడింట్లోనూ 93 బయట, 31 లోపల. 31 స్థానంలో 36 నిమిషాల మనిషి ఉండి ఉంటే ఒక పద్ధతిలో బయట చుక్కగా, మిగతా రెంటిలో లోపల కనిపించేవాడు. కంచె దాటడమంటే "వెళ్లి చూడండి" అని, "తీసెయ్యండి" అని కాదు. పెట్టెలోంచి బయటికి వచ్చే గీత కూడా కంచె దాకా సాగదు, కంచె లోపల ఉన్న చివరి సంఖ్య దగ్గర, ఇక్కడ 31 దగ్గర, ఆగుతుంది. చేత్తో గీసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

200 మందికీ సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) కూడా వెయ్యండి. గడి వెడల్పు 5 నిమిషాలతో ఒకసారి, 10తో ఒకసారి. మరీ వెడల్పయితే రెండు శిఖరాలు ఒకటైపోతాయి, మరీ సన్నమైతే పళ్లు ఊడిన దువ్వెనలా కనిపిస్తుంది. జవాబులు 10, 15, 20, 30 దగ్గర కుప్పలుగా పడ్డాయంటే జనం గడియారం చూసి చెప్పలేదు, అంచనాగా చెప్పారు. అప్పుడు దశాంశాలు రాయడంలో అర్థం లేదు.

సోపానం:

సంతృప్తికి 3.0 ఒక్కటీ రాయకండి. రెండు విభాగాలు అనుకోండి, చెరి వంద మంది. ఒకదాంట్లో 1 నుంచి 5 దాకా వరసగా 10, 20, 40, 20, 10 మంది. రెండోదాంట్లో 50 మంది 1 వేశారు, 50 మంది 5 వేశారు. రెంటికీ సగటు 3. మీడియన్‌తో బయటపడదామంటే అదీ కుదరదు: రెండో విభాగంలో పేరిస్తే యాభయ్యోది 1, యాభై ఒకటోది 5, రెండూ కూడి సగం చేస్తే మళ్లీ 3. అక్కడ మూడు వేసినవాడు ఒక్కడూ లేడు. మొదటిచోట జనం మామూలుగా ఉన్నారు, రెండోచోట సగం మంది మండిపడుతున్నారు.

ఐదు శాతాలూ ఇవ్వండి. ఒక్క నంబరే కావాలని పట్టుబడితే "4 లేదా 5 ఇచ్చినవారు ఇంత శాతం" అని ఇవ్వండి, దాని పక్కనే 1 ఇచ్చినవారి శాతం పెట్టండి. పై ఉదాహరణలో మొదటి విభాగానికి 30, 10. రెండోదానికి 50, 50.

శాతం దేని మీదో కూడా రాయాలి. జవాబు చెప్పనివాళ్లని కలిపి తీశారా, వదిలేసి తీశారా అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

మధ్యరేఖ:

ఇక్కడ సోపానం గారితో కొంచెం తేడా. ఆర్డినల్‌కి సగటు ఎప్పుడూ నిషిద్ధం అని నేను అనను. ఒకే విషయం మీద ఎనిమిది, పది ప్రశ్నలు అడిగి వాటిని కూడి స్కోరు చేస్తే, ఆ స్కోరుకి సగటు తియ్యడం విస్తారంగా నడుస్తున్న పద్ధతే, పనికొస్తుంది కూడా. మీ దగ్గరున్నది ఒకే ప్రశ్న, ఐదే మెట్లు. కాబట్టి ఈ ఫైలు వరకు ఆయన చెప్పిందే చెయ్యండి.

విభాగాల సగటుల్ని కలిపేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. 10 మంది ఉన్న విభాగంలో సగటు నిరీక్షణ 30 నిమిషాలు, 90 మంది ఉన్నదాంట్లో 10 నిమిషాలు అనుకోండి. మొత్తం సగటు 20 కాదు. 300 + 900 = 1200, వంద మందికి 12. మీడియన్లనైతే ఇలా కలపడానికే లేదు, అసలు వరసలకి వెళ్లి మళ్లీ తియ్యాల్సిందే.

± గుర్తు వాడితే అది స్టాండర్డ్ డీవియేషనో, స్టాండర్డ్ ఎర్రరో పేరు పెట్టి రాయండి. మీ 12 మందికి మొదటిది 24.2, రెండోది దాన్ని 12 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 7.0. మనుషుల మధ్య తేడా చెప్పేది మొదటిది. మన సగటు ఎంత నమ్మదగ్గదో చెప్పేది రెండోది. చిన్నగా కనిపిస్తుందని రెండోది పెట్టి పేరు రాయకపోతే చదివేవాళ్లు మోసపోతారు.

ఇక నిమిషాల వరస ఇలా ఉండొచ్చు, 200 మందికి తీశాక అంకెలు మార్చుకోండి:

వేచి ఉన్న సమయం, నిమిషాల్లో: 12 మంది, మీడియన్ 12.5; చతుర్థాంశాలు 8.5, 19 (ఎక్సెల్ ఇంక్ పద్ధతి). కనిష్ఠం 4, గరిష్ఠం 93.

వయసు వరసలో 197 మంది అని రాసి, "ముగ్గురి వయసు నమోదు కాలేదు" అని పట్టిక కిందే పెట్టండి.